ఉపకేంద్రాలలో రక్షణ రిలేల అనుసంధానం

విద్యుత్ ఉపకేంద్రంలో (సబ్‌స్టేషన్) లోపాన్ని గుర్తించి బ్రేకరును తెరిపించే పరికరమే రక్షణ రిలే. దీనిని నియంత్రణ గదితోను, లైను ఆవలి కొసనున్న రిలేతోను సీరియల్ తీగల ద్వారా గాని, ఆప్టికల్ ఫైబరు ద్వారా గాని కలుపుతారు.

సీరియల్ పద్ధతిలో బిట్లు ఒకదాని వెనుక ఒకటిగా ప్రయాణిస్తాయి. ఆర్‌ఎస్-232 సుమారు 15 మీటర్లకే పరిమితం. ఆర్‌ఎస్-485 తక్కువ వేగంలో 1,200 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఉపకేంద్రం ఆవరణలో ఇది చవకైన పద్ధతే. చిక్కంతా ఆవరణ దాటినప్పుడే.

తెలంగాణలోని వికారాబాదు జిల్లాకు చెందిన తాండూరు నాపరాళ్ళకు ప్రసిద్ధి. రాతినేలకు సాధారణంగా విద్యుత్ నిరోధకత ఎక్కువ. అటువంటి చోట లైను నేలకు తగిలితే ఉపకేంద్రపు ఎర్తింగు వోల్టేజి బాగా పెరుగుతుంది. బయటికి వెళ్ళే రాగితీగ ద్వారా అది పరికరాలకే గాక, తీగను తాకిన మనిషికి కూడా ప్రమాదకరం. లోహపు తొడుగు లేని ఫైబరుకు ఈ భయం లేదు.

వికారాబాదు, తాండూరుల మధ్య దూరం సుమారు 40 కి.మీ. ఫైబరులో కాంతి ఆ దూరాన్ని 0.2 మిల్లీసెకనులో దాటుతుంది. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అందుచేత ఇంతటి లైనుకు రెండు కొసల కరెంటును పోల్చే డిఫరెన్షియల్ రక్షణ సాధ్యమే. ఇందుకు టవర్లపై భూతీగలోనే ఫైబరును ఇముడ్చుతారు. ఫైబరు తెగితే ఆ పోలిక ఆగిపోతుంది గనుక, సమాచార మార్గంపై ఆధారపడని డిస్టెన్స్ రిలేను తోడుగా ఉంచుతారు.