చేపకి లంఘనం

ఈసారి నేను రాసేది ఒక చేప కడుపు గురించి. నవ్వకండి. "మలబద్ధకం" అనే మాట నేను అరవై దాటాక, ఈ చేప వల్లే నేర్చుకున్నాను. మా అమ్మ "కడుపు బిగిసింది" అనేది, అంతే. బడిలో నాకు చెప్పింది అంతా ఇంగ్లీషులో.

మనవరాలు సెలవులకి వెళ్తూ తన చేపని నాకు అప్పజెప్పింది. నీలం రంగు బెట్టా. ఇక్కడ మలాయి భాషలో ఇకాన్ పెలాగా అంటారు, అంటే కొట్లాడే చేప. "తాతా, రోజుకి నాలుగే గుళికలు" అని రెండుసార్లు చెప్పింది. కానీ నేను గుడిలో అన్నదానం వడ్డించేవాణ్ణి. వడ్డించే చెయ్యి కొంచెం వెయ్యడం ఎరగదు. నన్ను చూస్తే చాలు, చేప పైకి వచ్చేది. ఆకలేమో అని మళ్ళీ వేసేవాణ్ణి. పది రోజులకి పొట్ట ఉబ్బింది. ఒక పక్కకి ఒరిగి నీటి మీద తేలుతోంది, కిందికి దిగలేకపోతోంది.

అప్పుడు నాకు ఎస్టేటు గుర్తొచ్చింది.

1960ల్లో మేము పేరాక్ రాష్ట్రంలో బాగాన్ డాతో దగ్గర కొబ్బరి ఎస్టేటులో ఉండేవాళ్ళం. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది. చెట్ల వరసల మధ్య కాలువల్లో ఈ చేపలు ఉండేవి, దుకాణం చేపలంత అందంగా కాదు, నల్లగా చిన్నగా. చేత్తో పట్టి హార్లిక్స్ సీసాలో వేసేవాళ్ళం. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి మధ్యలో అట్టముక్క. అట్ట తీస్తే రెండూ రెక్కలు విప్పి అద్దానికి కొట్టుకునేవి. మా వైపు దొరికే ఆ అడవి రకానికి 1975లో శాస్త్రజ్ఞులు "ఇంబెల్లిస్" అని పేరు పెట్టారు. లాటిన్‌లో యుద్ధం చెయ్యనిది అని అర్థం. మా సీసాలు వాళ్ళు చూడలేదు.

తిండి? దోమ పిల్లలు. వాటిని మలాయిలో జెంతిక్-జెంతిక్ అంటారు. వాన నీళ్ళ డబ్బాలో కావలసినన్ని. కానీ నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక చేప మీద ప్రేమ ఎక్కువై, నా కంచంలో అన్నం మెతుకులు వేశాను. రోజూ వేశాను. దాని పొట్ట ఉబ్బింది, పొలుసులు అనాసపండు తొక్కలాగా లేచి నిలబడ్డాయి. మా నాయనమ్మ చూసి "జలోదరం రా, ఇక బతకదు" అంది. జలోదరం అంటే కడుపులో నీరు చేరడం. మర్నాడు కొబ్బరి చెట్టు కింద పాతిపెట్టాను.

ఇప్పుడు ఈ నీలం చేపని చూస్తే అదే చెయ్యి, అదే తప్పు.

మనవరాలికి చెప్పే ధైర్యం లేక చదవడం మొదలుపెట్టాను. సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండులో, ఈ చేపని ప్లాకాట్ అంటారు, కరిచే చేప అని. పందేలకి పెంచేవారు. పీనాంగులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న థియోడర్ కాంటర్ అనే డెన్మార్క్ వైద్యుడు 1849లో మలయా చేపల గురించి రాస్తూ దీన్ని వర్ణించాడు. చేప పందేలు ఆడించే లైసెన్సు వల్ల సయాం రాజుకి ఏటా మంచి ఆదాయం వచ్చేదట. వాటిని గాజు గిన్నెల్లో ఉంచి, దోమ పిల్లలూ నీటి పురుగులూ వేసి పెంచేవారని కూడా రాశాడు. నాకు కావలసిన ముక్క అదే. రాజుగారి ఆదాయం నాకెందుకు? 1910లో రీగన్ అనే ఆయన దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని ఇప్పటి పేరు పెట్టాడు.

అంటే పందెం చేపకీ, నా సీసా చేపకీ తిండి ఒకటే. మరి ఎప్పుడు మారింది? 1950ల్లో జర్మనీలో ఉల్రిచ్ బేన్ష్ అనే ఆయన ఎండు రేకుల తిండి తయారుచేసి అమ్మాడు. తరువాత గుళికలూ వచ్చాయి. మా దేశంలో ఇంకో కారణం కూడా ఉంది. 1970ల్లో డెంగీ జ్వరం బాగా వచ్చాక, 1975లో రోగాలు తెచ్చే పురుగుల్ని నాశనం చేసే చట్టం చేశారు. ఇంట్లో దోమ పిల్లలు దొరికితే జరిమానా. మంచి చట్టమే, ఎన్నో ప్రాణాలు కాపాడింది. చేప మాత్రం పొడి గుళికల పాలయింది. గుళిక కడుపులోకి వెళ్ళాక నీటికి ఉబ్బుతుంది. బెట్టా కడుపు దాని కన్నంతే ఉంటుందని పెంచేవాళ్ళు అంటారు.

దుకాణంలో ఒకాయన బఠాణీ పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. అది బంగారు చేపల వైద్యం, అవి ఆకు అలమూ తింటాయి. బెట్టా పురుగులు తినే జాతి.

నేను చేసింది ఇది. ముందు పొలుసులు చూశాను. లేవలేదు, అంటే జలోదరం కాదు. మూడు రోజులు తిండి ఆపాను. లంఘనం పరమౌషధం అని మా నాయనమ్మ మాట. లంఘనం అంటే పస్తు. నీళ్ళు 27 డిగ్రీలు ఉండేలా చూశాను, చల్లగా ఉంటే అరగదు. రెండో రోజు వేరే గిన్నెలో నాలుగు లీటర్ల నీటికి ఒక చిన్న చెంచా ఎప్సమ్ సాల్ట్ కలిపి, పది నిమిషాలు అందులో ఉంచాను. అమ్మ దాన్ని భేది ఉప్పు అనేది, మాకు కూడా తాగించేది. వంటింటి ఉప్పు వెయ్యకండి, అది వేరు. ఇంగ్లండులో ఎప్సమ్ ఊరి బావినీళ్ళ నుంచి ఈ ఉప్పుకి ఆ పేరు. నెహెమయా గ్రూ అనే వైద్యుడు 1695లోనే దాని మీద పుస్తకం రాశాడు.

మూడో రోజు సాయంత్రం అడుగున సన్నని దారం లాంటిది కనిపించింది. అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, చేప విసర్జన చూసి మా ఆవిడని కేకేసి పిలిచాను. "దీనికా!" అంది. చేప ఇంకా కొంచెం ఒరిగే ఉంది, కానీ అడుగుదాకా దిగి మళ్ళీ పైకి వచ్చింది.

నాలుగో రోజు గడ్డకట్టించిన డాఫ్నియా తెచ్చాను. ఆవగింజకన్నా చిన్న నీటి పురుగు అది. కరిగించి చిటికెడు వేశాను. ఇప్పుడు వారంలో రెండు రోజులు అదే. మిగతా రోజుల్లో గుళికలు నానబెట్టి పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఏకాదశికి మా ఇద్దరికీ పస్తు.

మనవరాలికి అంతా చెప్పేశాను. కోప్పడలేదు. కానీ రోజూ రాత్రి వీడియోలో చేపని చూపించమంటుంది, పొట్ట పక్కనుంచి కనిపించాలి. తరువాత తెలుగులోనే అడుగుతుంది, "తాతా, ఎన్ని వేశావు?" నేను వేళ్ళు చూపిస్తే ఒప్పుకోదు. లెక్క కూడా తెలుగులోనే చెప్పాలి.