మరి మా సంగతేంటి?

మా వీధి మలుపులోని పాత మేడను డెవలప్‌మెంటుకి ఇవ్వాలనుకున్నప్పుడు మాటలు మా ముందు గదిలోనే జరిగాయి. వీధి వైపు భాగం అలాగే ఉంచి, వెనక అపార్టుమెంటు లేపుతానన్నాడు బిల్డరు. గాలి, వెలుతురు, బోరు నీళ్లు, కార్లు పెట్టుకునే చోటు - వీటి మీద చుట్టుపక్కల ఇళ్లవాళ్లం రెండు ఆదివారాలు వాదించాం. మా వంటింటి కిటికీకి అడ్డం రాకూడదని నేనూ గట్టిగా పట్టుబట్టి సాధించుకున్నాను. అంతా అయిపోయి టీ గ్లాసులు తీస్తుండగా, ఆ మేడ వెనక వాటాలో ఇరవై ఏళ్లుగా అద్దెకుంటూ జాకెట్లు కుట్టే ఆవిడ గుమ్మం దగ్గర్నుంచే అడిగింది. "మరి మా సంగతేంటక్కా?"

"చూద్దాం లేమ్మా" అన్నాడు బిల్డరు. నేనేమీ అనలేదు.

ఆ తర్వాత చాలా రోజులకి సిడ్నీ నగరంలో స్త్రీలు నడిపిన ఇళ్ల పోరాటాల గురించి చదువుతుంటే ఆవిడ ప్రశ్న మళ్లీ ఎదురైంది. అక్కడ ఆ ప్రశ్న గుమ్మం దగ్గర ఆగిపోలేదు. బల్ల దాకా వచ్చింది. ఒక కాగితం మీదికి, ఒక భవనంలోకి కూడా ఎక్కింది. నలభై ఏళ్లు నిలిచింది. ఆ తర్వాత ఏమైందన్నదే నేను చెప్పదలుచుకున్న కథ.

సిడ్నీ రేవును ఆనుకుని 'ద రాక్స్' అనే పేట ఉంది. 1788లో బ్రిటిష్ వాళ్లు ఖైదీలను దింపి వలస మొదలుపెట్టిన చోటు. అది గాడిగల్ అనే ఆదివాసుల నేల. వాళ్ల సంగతేంటని అప్పుడు అడిగినవాళ్లు లేరు, ఇది మర్చిపోయి ఆ పేట చరిత్ర చెప్పడం కుదరదు. 1900లో ప్లేగు వచ్చినప్పుడు ప్రభుత్వం ఆ పేటనూ పక్కనున్న మిల్లర్స్ పాయింట్‌నూ స్వాధీనం చేసుకుంది. అప్పట్నుంచి అక్కడి రేవు కార్మికుల కుటుంబాలు తరతరాలుగా సర్కారుకి అద్దె కట్టుకుంటూ బతికాయి. తాత పుట్టిన వీధిలోనే మనవరాలి కాపురం. కానీ గోడ మాత్రం ఎప్పుడూ తమది కాదు.

1970లో ఆ పేటను తిరగగట్టడానికి ప్రభుత్వం ఒక సంస్థను పెట్టింది. పాత ఇళ్లు పడగొట్టి ఆఫీసు టవర్లు, హోటళ్లు కట్టాలని పథకం. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పోవాలి. వాళ్లను కూడగట్టిన మనిషి నీటా మెక్రే, ఆ పేట ఆడపడుచే. అర్జీలూ విన్నపాలూ పనిచేయనప్పుడు ఆమె బిల్డర్స్ లేబరర్స్ ఫెడరేషన్ తలుపు తట్టింది. కూలిపని చేసేవాళ్లే చేయం అంటే ఏ డెవలపరైనా ఏం చేస్తాడు?

ఆ దారి తెరిచిందీ ఆడవాళ్లే. హంటర్స్ హిల్ అనే ఊళ్లో పదముగ్గురు మధ్యతరగతి గృహిణులు కెల్లీస్ బుష్ అనే చిన్న అడవి ముక్కను ఇళ్ల కంపెనీ నుంచి కాపాడుకోవాలని అందరి గుమ్మాలూ ఎక్కి దిగి విసిగిపోయారు. చివరికి 1971లో ఈ యూనియన్‌ను అడిగారు. జాక్ మండీ అప్పుడు దాని కార్యదర్శి, కమ్యూనిస్టు. యూనియన్ పెట్టిన షరతు నాకు చాలా ఇష్టం. ఇది మీ పదముగ్గురి కోరికేనా, ఊరిదా? ఊరిదైతే సభ పెట్టి చూపించండి అన్నారు. దాదాపు ఆరు వందల మంది వచ్చారు. కార్మికులు పని ఆపేశారు. ఆ నిషేధాలకే 'గ్రీన్ బ్యాన్' అని పేరు వచ్చింది. 1974 లోపల నలభైకి పైగా చోట్ల అవి అమలయ్యాయి.

ఇక్కడొక పక్కమాట చెప్పాలి, మన అధ్యాపక మిత్రుల కోసం. 1973లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో జీన్ కర్టాయిస్, లిజ్ జాకా అనే ఇద్దరు యువతులు స్త్రీవాద తత్వశాస్త్రం మీద కోర్సు చెబుతామంటే యాజమాన్యం అడ్డుపడింది. విద్యార్థులూ కొందరు అధ్యాపకులూ సమ్మెకు దిగారు. ఈ తాపీ కూలీల యూనియన్ కాంపస్‌లో కట్టుబడి పనులు ఆపేసి వాళ్లకు తోడు నిలిచింది. కోర్సు వచ్చింది. కట్టుబడి పనుల్లోకి స్త్రీలు రావడం కోసం పోరాడిందీ ఈ యూనియనే. మన నగరాల్లో తలమీద ఇటుకలు మోసే పాలమూరు ఆడకూలీకి పనిలోకి రావడానికి పోరాటం అక్కర్లేదు. ఈ గోడ నేను ఎత్తను అనే బలం మాత్రం ఇప్పటికీ చేతికి రాలేదు.

రాక్స్ సంగతికొస్తే, నీటా మెక్రే బృందం 'వద్దు' దగ్గర ఆగలేదు. 1973లో తమ సొంత ప్రణాళిక తయారుచేసుకున్నారు, దానికి 'ప్రజా ప్రణాళిక' అని పేరు. ఏ ఇళ్లు బాగుచేయాలి, ఎవరు ఎక్కడుండాలి అన్నది అక్కడుండే వాళ్లే రాసుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో యూనియన్‌లో లేని కూలీలను పెట్టి పడగొట్టబోతే అడ్డం కూర్చున్నారు, అరెస్టులయ్యాయి, మండీని కూడా పోలీసులు ఎత్తుకెళ్లారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి బేరాలు. అన్నీ గెలవలేదు, పేట చాలావరకు పర్యాటకుల బజారైపోయింది. కానీ ఒక్క మాట మాత్రం ఒప్పందంలోకి ఎక్కించారు. ఇళ్లు పోయినవాళ్లకు ఇళ్లు ఇదే పేటలో ఇవ్వాలి.

ఆ మాటకు కట్టిన భవనమే సిరియస్. టావ్ గోఫర్స్ అనే వాస్తుశిల్పి గీశాడు. 1980 నాటికి పూర్తయింది. పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టుండే కాంక్రీటు భవనం, 79 ఇళ్లు. ఒంటరి ముసలమ్మలకీ పిల్లల సంసారాలకీ వేరువేరు కొలతలు, మిద్దెల మీద తోటలు, అందరూ కూర్చునే గది. హార్బర్ బ్రిడ్జి పక్కనే, ఎదురుగా ఒపేరా హౌస్. కోటీశ్వరులకు దొరకని కిటికీలు ప్రభుత్వ అద్దెదారులకు దక్కాయి. ఆ కిటికీలే చివరికి వాళ్ల మీదికి వచ్చాయి.

2014 మార్చిలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం మిల్లర్స్ పాయింట్‌లోనూ రాక్స్‌లోనూ తన 293 ఇళ్లను అమ్మేస్తానని ప్రకటించింది. సిరియస్ అందులోదే. ఇక్కడి ఖరీదైన నేల అమ్మిన డబ్బుతో మరోచోట పేదలకు ఎక్కువ ఇళ్లు కట్టొచ్చు కదా అన్నారు. లెక్క ప్రకారం తప్పుపట్టడం కష్టం. ఆ లెక్కలో లేనిది ఏమిటంటే, మందుల షాపు దాకా చెయ్యి పట్టుకుని నడిపించే పక్కింటావిడ. అలాంటి పొరుగును ఆడవాళ్లు నలభై ఏళ్లు అల్లుకుంటారు. చదరపు అడుగుల్లో దానికి గడి ఉండదు.

కాపాడుకోవడానికి ఉద్యమం లేచింది. వాళ్లు రెండూ అడిగారు, భవనం నిలవాలి, మనుషులు ఉండాలి. కానీ చట్టంలో తలుపు తెరిచి ఉన్నది మొదటిదానికే. వారసత్వ కట్టడంగా గుర్తించమని హెరిటేజ్ కౌన్సిల్ సిఫారసు చేస్తే 2016లో మంత్రి కాదన్నాడు, ధర పడిపోతుందని. 2017లో కోర్టు ఆ నిర్ణయం చెల్లదంది. మళ్లీ ఆలోచించి మళ్లీ కాదన్నారు. ఈ వ్యాజ్యమంతా కాంక్రీటు విలువ మీద, రూపశిల్పం మీద. లోపలున్నవాళ్ల విలువ మీద వాదించడానికి అక్కడ సెక్షన్ లేదు.

చివరిదాకా మిగిలింది మైరా డెమెట్రియు. తొంభై దాటిన మనిషి, చూపు దాదాపు లేదు. పై అంతస్తులోని ఆమె కిటికీలో ఎస్ఓఎస్ అని మూడక్షరాల దీపం వెలిగేది. ఆపదలో ఓడలు పంపే సంకేతం, 'సేవ్ అవర్ సిరియస్' అనీ అర్థం. వంతెన మీద పోయేవాళ్లందరికీ కనిపించేది, ఆమెకు తప్ప. 2018 మొదట్లో ఆమె కూడా ఖాళీ చేసింది. 2019లో ఆ భవనాన్ని 15 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు ఒక డెవలపర్‌కు అమ్మారు.

దాన్ని కూలగొట్టలేదు. ఇదే నన్ను చాలాకాలం తికమక పెట్టింది. లోపల మార్చి, మెరుగులు దిద్ది, విలాసవంతమైన ఫ్లాట్లు చేశారు. పెట్టెల మీద పెట్టెలు అలాగే ఉన్నాయి. ఫొటోలు చూస్తే గెలిచినట్టే ఉంటుంది. నీటా మెక్రే బేరమాడింది ఆ పెట్టెల కోసం కాదు కదా. గోడలు కాపాడడం, మనుషుల్ని కాపాడడం రెండు వేర్వేరు బేరాలని ఆమెకు మొదట్నుంచీ తెలుసు. అందుకే 'ఇదే పేటలో' అన్న మాట పట్టుకుంది. ఆ మాట ఎన్నేళ్ల వరకు అని గట్టిగా రాసుకోకపోవడమే లోపమేమో అనిపిస్తుంది. ఇంత దూరం నుంచి చెప్పడం తేలికే.

మా వీధి మేడ ముందుభాగం కూడా అలాగే ఉంది. ఎర్ర గచ్చు అరుగు, రంగు అద్దాల కిటికీ. చూసినవాళ్లంతా ఎంత బాగా ఉంచారో అంటారు. మా వంటింట్లో వెలుతురు తగ్గలేదు. జాకెట్లు కుట్టే ఆవిడ రెండు బస్సులు మారి వెళ్లాల్సినంత దూరంలో గది తీసుకుంది. పాత కస్టమర్లు పోకుండా నెలకోసారి వస్తుంది, మా అరుగు మీదే కూర్చుని కొలతలు రాసుకుంటుంది. మొన్న వచ్చినప్పుడు ఆ అగ్రిమెంటు కాగితాలు నీ దగ్గరున్నాయా అక్కా, ఒకసారి చూపిస్తావా అని అడిగింది. నా దగ్గరున్న కాపీ తీసి ఇద్దరం చదివాం. పద్నాలుగు పేజీల్లో మా కిటికీ ప్రస్తావన రెండుసార్లు ఉంది.