కొల్లూరు గని, ఆంట్వెర్ప్ సాన

మహేశ్వరం నుంచి శంషాబాద్ విమానాశ్రయం కూతవేటు దూరం. గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో మర్నాటికల్లా బ్రసెల్స్‌లో దిగొచ్చు. షెంజెన్ వీసా చేతికొచ్చాక ట్రావెల్ ఏజెంటు రాసిచ్చే మూడు రోజుల కార్యక్రమం దాదాపు ఎప్పుడూ ఒకటే: బ్రసెల్స్‌లో గ్రాండ్ ప్లేస్, ఆటోమియం, చాక్లెట్ దుకాణాలు, బ్రూజ్ కాలువల్లో పడవ షికారు. అన్నీ చూడదగ్గవే. కానీ తెలుగు నేల మీంచి వెళ్లేవాళ్లు అక్కడ వెతుక్కుని చూడాల్సిన సంగతి ఒకటి ఆ కాగితంలో ఉండదు. బ్రూజ్, ఆంట్వెర్ప్ రెండూ వజ్రాల ఊళ్లు. బెల్జియంలో ఒక్క వజ్రపు గనీ లేదు. మరి ఆ రాళ్లు ఎక్కణ్ణుంచి వెళ్లాయి?

1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా, బోర్నియో ద్వీపంలో దొరికిన కొద్దిపాటి రాళ్లను పక్కనపెడితే, వజ్రం పుట్టిల్లు మన దేశమే. పదిహేడో శతాబ్దంలో ఆ వ్యాపారానికి గుండెకాయ గోల్కొండ రాజ్యం. 1677లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఒక నివేదిక గోల్కొండ రాజ్యంలో 23, బీజాపూర్ రాజ్యంలో 15 గనులను లెక్కగట్టింది. అది తానీషా గోల్కొండను ఏలుతున్న కాలం. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు కట్టించారని చెప్పే శివగంగ రాజరాజేశ్వర ఆలయం, దాని కోనేరు ఇప్పటికీ మహేశ్వరంలో ఉన్నాయి. ఆ అన్నదమ్ములు నడిపిన ఖజానాలోకి వచ్చే రాబడిలో గనుల సొమ్ము కూడా ఉండేది. కాబట్టి మహేశ్వరం మనిషి బెల్జియం వెళ్లడమంటే తన ఊరి చరిత్రలోని ఒక దారి రెండో చివర చూసి రావడం.

ఆ దారి మొదట చేరింది బ్రూజ్‌కి. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగకముందు వజ్రాలు అరబ్బు వర్తకుల చేతుల మీదుగా వెనిస్‌కి, అక్కణ్ణుంచి ఉత్తరాన బ్రూజ్‌కి చేరేవి. పదిహేనో శతాబ్దంలో లోడెవైక్ వాన్ బెర్కెన్ అనే బ్రూజ్ పనివాడు వజ్రపు పొడి, నూనె పూసిన చక్రం మీద వజ్రాన్ని సానబట్టే పద్ధతి కనిపెట్టాడని ఒక కథ. ఆ కథను ప్రచారంలో పెట్టింది ఆయన వంశీకుణ్ణని చెప్పుకున్న ఒక పారిస్ నగల వర్తకుడు, అదీ రెండొందల ఏళ్ల తర్వాత, 1660లలో. అందుకే చరిత్రకారులు దాన్ని అనుమానంగానే చూస్తారు. ఆంట్వెర్ప్ మాత్రం వాన్ బెర్కెన్‌కు విగ్రహమే పెట్టింది. బ్రూజ్‌లో ఒక వజ్రాల మ్యూజియం ఉంది. సానచక్రం మీద రాయి ఎలా అరుగుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు. పడవ షికారును ఒక గంట తగ్గించుకునైనా వెళ్లాల్సిన చోటు అది.

సముద్రాన్ని బ్రూజ్‌తో కలిపే జ్విన్ పాయ ఇసుక మేట వేసి పూడిపోయింది. వ్యాపారులు ఒక్కొక్కరే ఆంట్వెర్ప్‌కి మకాం మార్చారు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక తూర్పు దేశాల సరుకు లిస్బన్‌లో దిగడం మొదలైంది. పోర్చుగీసువాళ్లు దాన్ని ఐరోపా ఉత్తరానికి అమ్మే కొట్టును ఆంట్వెర్ప్‌లోనే పెట్టారు. అంతకు యాభై ఏళ్ల ముందే, 1447లో, నకిలీ రత్నాలు అమ్మకూడదని ఆ ఊరు శాసనం చేసింది. నకిలీలను అరికట్టాల్సి వచ్చిందంటే అసలు వ్యాపారం అప్పటికే బాగా సాగుతున్నట్టే కదా.

బ్రూజ్‌లో పుట్టిన జాక్ ద కూత్ర్ అనే రత్నాల వర్తకుడు ఈ దారిని ఎదురు నడిచి మన వైపు వచ్చాడు. పదహారో శతాబ్దం చివర ఇల్లు వదిలి, గోవాలో స్థిరపడి, బీజాపూర్, గోల్కొండ రాజ్యాల్లో రాళ్ల కోసం తిరిగాడు. 1623లో పోర్చుగీసు అధికారులు ఆయన్ని పరదేశిగా లెక్కగట్టి, పట్టుకుని ఐరోపాకి పంపేశారు. ఆయన అనుభవాలను 1640 ప్రాంతంలో కొడుకు స్పానిష్‌లో గ్రంథంగా కూర్చాడు. బ్రూజ్ వీధుల్లో నడిచే తెలుగువాళ్లకు తెలిసుండాల్సిన పేరు ఇది.

అంతకన్నా చాలా పేరున్న రత్నాల వర్తకుడు తవెర్నియే. 1605లో పారిస్‌లో పుట్టినా, ఆయన తండ్రిది ఆంట్వెర్ప్. పటాలు చెక్కి అచ్చువేసే కుటుంబం వాళ్లది. 1570లో ఓర్టేలియస్ అట్లాస్ వెలువడిన ఊరు అదే కాబట్టి ఆ కుటుంబానికి ఆ విద్య అబ్బడంలో వింతేమీ లేదు. ఆ నాటి అచ్చుయంత్రాలు కొన్ని ఆంట్వెర్ప్ ప్లాంటాన్ మొరేటుస్ మ్యూజియంలో ఇంకా ఉన్నాయి. తండ్రి, పినతండ్రి చెప్పుకునే దూరదేశాల కబుర్లు వింటూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఆరుసార్లు తూర్పుకి ప్రయాణించాడు, గోల్కొండ గనులు చూశాడు. 1652లో గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. 1676లో తన యాత్రలను అచ్చువేయించాడు. మన గనుల లోపలి సంగతులు ఇంత వివరంగా చెప్పిన పుస్తకాలు చాలా తక్కువ.

కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఆయన చూసింది మామూలు గని కాదు, ఒక జనసముద్రం. ఆడా మగా పిల్లా జెల్లా కలిపి 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. ఆ గని బయటపడి అప్పటికి వందేళ్లట. ఎవరో రైతు విత్తనం వేయడానికి నేల తవ్వుతుంటే 25 క్యారట్ల దాకా తూగే రాయి దొరికిందట. మగవాళ్లు పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతు తవ్వేవాళ్లు, నీరు పడితే ఆపేసేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు మట్టిని గోడ కట్టిన మడిలోకి మోసేవాళ్లు. ఆ మట్టిని నీళ్లతో కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి, చివరికి చేతులతో వెతికేవాళ్లు.

ఒక గని దగ్గర అనుభవమున్న పనివాడికి దక్కే కూలి ఏడాదికి మూడు వరహాలని తవెర్నియే రాశాడు. పెద్ద రాయి దొరికించుకుని యజమానికి అప్పగిస్తే తలపాగా గుడ్డ, కొద్దిపాటి డబ్బు బహుమతి. రాళ్లు మింగేస్తారనీ దాచేస్తారనీ పనివాళ్ల మీద కాపలా. అదే తవెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి తెచ్చాడని చెప్పే నీలి వజ్రాన్ని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఆ రాయి తర్వాత హోప్ వజ్రమైంది, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. దాన్ని మట్టిలోంచి తీసిన చేతులు ఎవరివో ఏ పుస్తకంలోనూ లేదు. వజ్రాల చరిత్ర అంటే కోహినూర్ చేతులు మారిన కథ అనుకునే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. ఈ మూడు వరహాల లెక్క మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

బేరం సంగతి ఇంకా ఆసక్తికరం. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు నడుంగుడ్డ విప్పి చేతుల మీద కప్పుతారు. గుడ్డ కింద అరచేయి మొత్తం పట్టుకుంటే వెయ్యి. ఒక్క వేలు పట్టుకుంటే వంద. వేలి నడిమి కణుపు దాకా అయితే యాభై, కొస కణుపు అయితే పది. నోట మాట లేదు, ముఖంలో మార్పు లేదు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ధర ఎవరికీ తెలియదు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు కూడా ఊరి చెట్టు కింద తక్కెడలతో, డబ్బు సంచులతో కూర్చుని, తెచ్చిన ప్రతి రాయినీ చేతులు మార్చి పరీక్షించి కొనేవాళ్లు. ఆంట్వెర్ప్ వజ్రాల వీధిలో ఇప్పటికీ బేరం కుదిరిందనడానికి గుర్తు చేయి కలిపి హీబ్రూలో ‘మజల్’ అనడమే. గోల్కొండ వర్తకుడు చూస్తే ఆ పద్ధతి వెంటనే అర్థం చేసుకునేవాడు.

మరి సానపని మన దగ్గర లేదా? ఉంది. గని దగ్గరే సానపట్టేవాళ్లు ఉండేవారు. పళ్లెమంత ఉక్కు చక్రం, దాన్ని తిప్పే పెద్ద చక్రానికి నలుగురు మనుషులు. రాయి పొర దిశ దొరికేదాకా నీళ్లు పోసి, ఆ తర్వాత నూనె, వజ్రపు పొడి వాడేవాళ్లు. రాయి నిర్మలంగా ఉంటే బరువు పోతుందని చక్రానికి ఊరికే తాకించి వదిలేసేవాళ్లు. మచ్చలుంటే చాలా ముఖాలు చెక్కి దాచేవాళ్లు. మన పనితనంలో లోపమేమీ లేదు, మన కొనుగోలుదారుకి బరువు ముఖ్యం. ఆంట్వెర్ప్ కొనుగోలుదారుకి మెరుపు కావాలి. ఎటువైపు గిరాకీ పెరిగిందో అటే విద్యా పెరిగింది. 1919లో మెరుపుకి గణితం కట్టి పుస్తకం రాసిన మార్సెల్ తొల్కోవ్‌స్కీ ఆంట్వెర్ప్ వజ్రాల కుటుంబంలోనే పుట్టాడు.

ఆంట్వెర్ప్ దారి కూడా పూలబాట కాదు. 1585లో స్పానిష్ సైన్యానికి లొంగాక, షెల్ట్ నది మూసుకుపోయి, సరుకూ పనివాళ్లూ ఆంస్టర్‌డామ్‌కి తరలారు. 1722లో బెల్జియం రేవు ఆస్టెండ్ నుంచి తూర్పు వర్తకం చేసే ఆస్టెండ్ కంపెనీ ఆస్ట్రియా చక్రవర్తి పట్టా పుచ్చుకుంది, మద్రాసు దగ్గర కోవళంలో కొట్టు నడిపింది. పదేళ్లు కూడా నిలవలేదు, ఇంగ్లిష్, డచ్ వాళ్ల ఒత్తిడికి 1731లో పట్టా రద్దయింది. 1867 తర్వాత దక్షిణాఫ్రికా రాళ్లు వెల్లువెత్తాకే ఆంట్వెర్ప్ మళ్లీ లేచింది. అక్కడి సానపనివాళ్లు 1895లో సంఘం పెట్టుకున్నారు. ఏడాదికి మూడు వరహాలతో బతికిన మన గని జనానికి అలాంటి అండ ఎన్నడూ లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో ఆంట్వెర్ప్ వజ్రాల వ్యాపారంలోని యూదు కుటుంబాలు నలిగిపోయాయి. బ్రసెల్స్, ఆంట్వెర్ప్‌ల మధ్య రైలు ఆగే మెహలెన్‌లో కజెర్న్ డోసిన్ అనే సైనిక బారకు ఉంది. 1942 నుంచి 1944 దాకా 25 వేలకు పైగా యూదులనూ జిప్సీలనూ అక్కణ్ణుంచే మరణ శిబిరాలకు పంపారు. దాని ఎదుట ఇప్పుడు మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్లినా ఆ మ్యూజియానికి సగం పూట కేటాయించాలి. యుద్ధం ముగిశాక, 1960ల నుంచి, గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైన వర్తకులు ఆంట్వెర్ప్‌లో కాలుమోపి, చిన్న రాళ్లను సూరత్‌లో కోయించి తెప్పిస్తూ బజారు రూపమే మార్చేశారు. ఆంట్వెర్ప్ శివారు విల్‌రైక్‌లో పాలరాతి జైన దేవాలయం కూడా ఉంది.

మూడు రోజులుంటే బస బ్రసెల్స్‌లోనే పెట్టుకోవడం మేలు. బ్రూజ్ రైల్లో గంట పైచిలుకు, ఆంట్వెర్ప్ ముప్పావు గంట. ఆంట్వెర్ప్‌కి శనివారం వద్దు, యూదుల విశ్రాంతి దినం కాబట్టి వజ్రాల దుకాణాలు చాలా మూతపడతాయి. 1905లో పూర్తయిన సెంట్రల్ స్టేషన్‌ను తీరిగ్గా చూసి బయటికొస్తే ఆ వీధులు పక్కనే. బేరాలు జరిగే భవనాల్లోకి యాత్రికులను రానివ్వరు, అందుకని 2018లో తెరిచిన దివా వజ్రాల మ్యూజియానికి వెళ్లాలి.

కొల్లూరుని చూడాలంటే మాత్రం వీల్లేదు. పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. గోల్కొండ కోటకీ పాతబస్తీకీ నడుమ వజ్రాల వర్తకులు మసలిన కార్వాన్ పేట ఉంది, బెల్జియం ప్రయాణానికి ముందు ఒక ఆదివారం అక్కడికి వెళ్లొస్తే ఆంట్వెర్ప్ వేరేగా కనిపిస్తుంది. ఇక మహేశ్వరం మండలంలోని రావిర్యాలలో రత్నాభరణాల కోసం ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది, చుట్టుపక్కల యువత వజ్రాలు సానబట్టడం నేర్చుకుంది. 2025 జులైలో మలబార్ సంస్థ మహేశ్వరంలో బంగారు, వజ్రాభరణాల తయారీ కేంద్రాన్ని ప్రారంభించింది. ఇప్పుడు ముడి రాయి బయటి నుంచి వస్తోంది, పని ఇక్కడ జరుగుతోంది.