14.4 చమురు దారిలో ఒక చిన్న దేశం: జార్జియా

కాకసస్ ప్రాంతపు పటాన్ని ఎదురుగా పెట్టుకొని ఈ భాగాన్ని చదవండి. కాస్పియన్ సముద్రపు పడమటి ఒడ్డున అజర్‌బైజాన్ రాజధాని బాకు కనిపిస్తుంది. చుట్టూ భూభాగమే ఉన్న ఈ సముద్రపు చమురు ప్రపంచ మార్కెట్టుకు చేరాలంటే పరాయి నేల దాటాలి. బాకుకు ఉత్తరాన రష్యా, దక్షిణాన ఇరాన్, పడమట ఆర్మేనియా, జార్జియా ఉన్నాయి. జార్జియా విస్తీర్ణం సుమారు 69,700 చదరపు కిలోమీటర్లు, నేటి జనాభా 40 లక్షల లోపే. సొంత చమురు నామమాత్రం. కానీ దానికి నల్లసముద్రపు తీరం ఉంది.

ఈ దారి కొత్తదేమీ కాదు. బాకు నుంచి జార్జియాలోని బటూమీ రేవుకు రైలుమార్గం 1883లోనే పూర్తయింది. 1892లో మ్యూరెక్స్ అనే ఓడ బటూమీ కిరోసిన్‌తో సూయజ్ కాలువ దాటి ఆసియా రేవులకు వచ్చింది. సోవియట్ కాలంలో ఇదంతా ఒకే రాజ్యం కాబట్టి ‘ఎవరి నేల’ అన్న ప్రశ్న రాలేదు. 1991 తరవాత వచ్చింది.

14.4.1 దారి ఎంపిక

1994 సెప్టెంబరులో హైదర్ అలియేవ్ ప్రభుత్వం బ్రిటిష్ పెట్రోలియం తదితర విదేశీ కంపెనీల కూటమితో ‘శతాబ్దపు ఒప్పందం’ చేసుకుంది. చమురు తీయడం కన్నా దాన్ని బయటికి పంపడం పెద్ద చిక్కయింది. టర్కీకి దగ్గరి దారి ఆర్మేనియా మీదుగా ఉంది. అయితే నగోర్నో-కరబఖ్ యుద్ధం వల్ల ఆ సరిహద్దు మూతపడింది. ఇరాన్ దారికి అమెరికా ఒప్పుకోదు. రష్యా రేవు నోవోరోసీస్క్‌కు పైపులైను ఉంది గాని, మొత్తం చమురును ఆ ఒక్క గొట్టంలో పోస్తే కొత్త స్వాతంత్ర్యం మాస్కో చేతిలోని కవాటానికి లోబడి ఉంటుందని బాకు భయపడింది. కాబట్టి జార్జియాను ఏరికోరి ఎంచుకున్నారనడం కన్నా, మిగిలినవి మూసుకుపోగా తెరిచి ఉన్న దారి అదొక్కటే అనడం సబబు.

ఆ దారి కూడా భద్రమైనది కాదు. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా చేజారాయి. గోర్బచేవ్ విదేశాంగ మంత్రిగా మీరు ఎరిగిన షెవర్ద్‌నాద్జే ఇప్పుడు దేశాధినేత. 1995 ఆగస్టులో ఆయనపై కారుబాంబు దాడి జరిగింది. అదే అక్టోబరులో కూటమి రాజీమార్గం పట్టింది: తొలి చమురు కొంత రష్యా మీదుగా, కొంత జార్జియాలోని సుప్సా రేవుకు. సుప్సా పైపులైను 1999 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అదే ఏడాది నవంబరులో ఇస్తాంబుల్‌లో, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సమక్షంలో, బాకు–టిబిలిసి–జేహాన్ పైపులైనుకు సంతకాలయ్యాయి. దాని పొడవు 1,768 కి.మీ.; జార్జియాలో ఉన్నది 249 కి.మీ. మాత్రమే. 2006 నుంచి మధ్యధరా తీరంలోని జేహాన్ రేవులో ఓడలకు చమురు ఎక్కుతోంది. (మన ఓఎన్‌జీసీ విదేశ్ 2013లో ఇందులో చిన్న వాటా కొన్నది.)

ఆతిథ్య దేశానికి బేరమాడే శక్తి ఎంతో చూడండి. పైపులైను బోర్జోమీ దగ్గరగా పోతుంది. ఆ ఊరి ఖనిజజలం జార్జియాకు పేరు తెచ్చిన ఎగుమతి. 2002లో పర్యావరణ మంత్రి అభ్యంతరం చెప్పారు. తీవ్రమైన ఒత్తిడి వచ్చింది, చివరికి షరతులతో అనుమతి ఇచ్చారు. మార్గం మాత్రం మారలేదు.

14.4.2 రుసుమా, గ్యాసా?

చమురుకు జార్జియా పొందే రవాణా రుసుము బ్యారెల్‌కు డాలరులో చిన్న భాగం. దానితో దేశం సంపన్నం కాదు. అసలు లాభం వేరే గొట్టంలో ఉంది.

2006 జనవరి 22న, గడ్డకట్టే చలిలో, రష్యాలోని ఉత్తర ఒసేతియాలో జరిగిన పేలుళ్లతో జార్జియాకు గ్యాసు తెచ్చే పైపులైను తెగిపోయింది. అదే రోజు విద్యుత్తు లైను కూడా కూలింది. ఇళ్లు రోజుల తరబడి చలిలో మగ్గాయి. అధ్యక్షుడు సాకాష్విలీ నేరుగా రష్యాను నిందించారు, రష్యా ఖండించింది. ఎవరు పేల్చారన్నది వివాదమే గాని, ఒకే అమ్మకందారుపై ఆధారపడితే ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలిసింది. 2007కు గాజ్‌ప్రోమ్ వెయ్యి ఘనపు మీటర్ల ధరను 110 డాలర్ల నుంచి 235కు పెంచింది.

సరిగ్గా అప్పుడే అజర్‌బైజాన్ షా దెనిజ్ క్షేత్రం నుంచి టర్కీలోని ఎర్జురుమ్‌కు వేసిన గ్యాసు పైపులైను సిద్ధమైంది. ఒప్పందం ప్రకారం దాటిపోయే గ్యాసులో 5 శాతం జార్జియాకు రుసుముగా దక్కుతుంది; ఇంకొంత చౌకగా కొనుక్కోవచ్చు. ఆ దశాబ్దం ముగిసేసరికి జార్జియా వాడే గ్యాసులో అత్యధిక భాగం అజర్‌బైజాన్‌దే. ధర నచ్చకపోతే రష్యాకు ‘వద్దు’ అని చెప్పగలిగింది. నా దృష్టిలో ఈ చరిత్రలో జార్జియాకు దక్కిన అతి విలువైన వస్తువు ఇదే. ఇందులో ఒక తమాషా కూడా ఉంది: రష్యా గ్యాసు ఆర్మేనియాకు పోయేదీ జార్జియా మీదుగానే, దాని నుంచి కూడా జార్జియా చాలాకాలం 10 శాతం తీసుకుంది.

14.4.3 పైపులైను కవచమైందా?

పాశ్చాత్య దేశాల చమురు తమ నేలలో ఉంటే అవే తమను కాపాడతాయని టిబిలిసిలో చాలామంది నమ్మారు. 2008 ఆగస్టులో ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది. ఆగస్టు 5న జేహాన్ పైపులైను టర్కీ భాగంలో పేలుడుతో ఆగిపోయింది. రెండు మూడు రోజుల్లోనే రష్యాతో యుద్ధం మొదలైంది. ముందుజాగ్రత్తగా సుప్సా పైపులైనును మూసివేశారు. 16న కాస్పి వద్ద రైలు వంతెన పేలడంతో చమురు రైళ్లూ ఆగాయి. అజర్‌బైజాన్ కొంత చమురును రష్యా, ఇరాన్‌ల వైపు మళ్లించింది. పాశ్చాత్య దేశాలు దౌత్యం నడిపాయి, సాయం పంపాయి; సైన్యాన్ని పంపలేదు. అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియాలను రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించింది.

ఆ తరవాత కూడా గొట్టాల విలువ తగ్గలేదు. 2020 చివరికి ఇదే దారిన కాస్పియన్ గ్యాసు ఇటలీ దాకా చేరింది. ఈ మధ్యలో, 2015 జులైలో, ఒర్చోసానీ గ్రామం దగ్గర దక్షిణ ఒసేతియా ‘సరిహద్దు’ పలకలను జార్జియా అధీనంలోని భూమిలోకి జరిపి పాతారు. సుప్సా పైపులైనులో సుమారు 1.6 కి.మీ. ఆ పలకలకు అవతల పడింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. బాకు చమురుకు ఆర్మేనియా, ఇరాన్, రష్యా దారులు ఎందుకు కుదరలేదు?
2. 2006, 2008 సంఘటనల ఆధారంగా, రవాణా దేశంగా ఉండడం జార్జియాకు దేనిలో ఉపకరించిందో, దేనిలో ఉపకరించలేదో 10 వాక్యాల్లో రాయండి.