పిల్లలకు యాంటీబయోటిక్ సిరప్: చీటీలో మి.లీ. సరే, సీసా మీద మి.గ్రా. చూశారా?

ప్రొద్దుటూరులో పిల్లల డాక్టరుకు చూపించారనుకుందాం. చీటీలో సెఫిక్సిమ్ సిరప్, పూటకు 4 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు అని రాశారు. జమ్మలమడుగులో బస్సు దిగి మందుల షాపులో అడిగితే ఆ కంపెనీది లేదన్నారు. అదే మందు వేరే కంపెనీ సీసా చేతికిచ్చారు. ఇంటికొచ్చి అదే 4 మి.లీ. తాగించారు. బిడ్డ కడుపులోకి వెళ్లిన మందు ఎంత?

సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే అంకె చూస్తే గానీ చెప్పలేం. సెఫిక్సిమ్ సిరప్ 5 మి.లీ.కి 50 మి.గ్రా. బలంతోనూ దొరుకుతుంది, 100 మి.గ్రా. బలంతోనూ దొరుకుతుంది. మొదటి సీసా నుంచి 4 మి.లీ. పోస్తే 40 మి.గ్రా. మందు, రెండో దాని నుంచి పోస్తే 80 మి.గ్రా. అంటే సరిగ్గా రెట్టింపు. సీసాలు తారుమారైతే సగమే అందుతుంది. ఎక్కువైతే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. తక్కువైతే జబ్బు తగ్గకపోగా, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా బలపడే ప్రమాదం ఉంది.

ఒక్క సెఫిక్సిమ్‌తోనే కాదు ఈ చిక్కు. అమోక్సిసిలిన్‌లో 125, 250 మి.గ్రా. ఉన్నాయి. అజిత్రోమైసిన్‌లో 100, 200 ఉన్నాయి. అమోక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన సిరప్‌లో 228.5, 457 ఉన్నాయి. ఇవన్నీ 5 మి.లీ.కి లెక్క. పసిపిల్లలకిచ్చే డ్రాప్స్ ఇంకా చిక్కగా ఉంటాయి. సెఫిక్సిమ్ డ్రాప్స్ కొన్నింటిలో ఒక్క మి.లీ.లోనే 25 మి.గ్రా. ఉంటుంది. అందుకే సిరప్ లేదని డ్రాప్స్ ఇచ్చినా, డ్రాప్స్ బదులు సిరప్ ఇచ్చినా పాత కొలత పనికిరాదు. షాపులో సీసా తీసుకోగానే చీటీలో రాసిన బలం, సీసా మీది బలం పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అక్కడే ఫార్మసిస్టును అడగండి, లేదా డాక్టరుకు ఫోన్ చేసి కొత్త కొలత రాయించుకోండి. చీటీలో బలం రాయకపోతే ఆసుపత్రిలో ఉండగానే అడిగి రాయించుకోవడం మేలు.

డాక్టరు ఆ కొలత వేసేది బిడ్డ బరువును బట్టి. సెఫిక్సిమ్ సాధారణంగా కిలోకు రోజుకు 8 మి.గ్రా. లెక్కన ఇస్తారు. పది కిలోల బిడ్డకు 80 మి.గ్రా., రెండు పూటలకు 40 చొప్పున. పై ఉదాహరణలో 4 మి.లీ. వచ్చింది అలాగే. ఈ లెక్క మీరు ఇంట్లో సొంతంగా వేసుకోవడానికి కాదు. నిరుడు అక్కకు రాసిన కొలత ఈ ఏడు తమ్ముడికి ఎందుకు సరిపోదో తెలియడానికి.

చెంచాతో కొలవొద్దు

'ఒక చెంచా, రెండు పూటలా' అని నోటిమాటగా చెప్పడం మన దగ్గర మామూలే. ఏ చెంచా? కాఫీ చెంచా, ఉప్మా తినే చెంచా ఒకటి కావు. ఉగ్గుగిన్నె తాగించడానికి బాగుంటుంది గానీ కొలతకు పనికిరాదు. సీసాతో వచ్చే గీతల మూత వాడొచ్చు. చిన్న కొలతలకు అంతకంటే నమ్మకమైనది 5 మి.లీ. సిరంజి. ప్రతి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. సూదినీ, చిన్న మూతనూ ముందే తీసి పారేయండి, పిల్లల నోట్లోకి వెళ్తే గొంతుకు అడ్డం పడతాయి.

పొడిలో నీళ్లు కలిపేటప్పుడు

చాలా యాంటీబయోటిక్ సిరప్‌లు సీసాలో పొడిగానే వస్తాయి, నీళ్లు మనమే కలపాలి. కొన్నింటితో పాటు పెట్టెలో శుద్ధిచేసిన నీళ్ల చిన్న గొట్టం ఉంటుంది. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు వాడాలి. ప్లాంటు నుంచి తెచ్చే క్యాను నీళ్లయినా కాచాల్సిందే. వేడి తగ్గకముందే పోస్తే మందు చెడుతుంది.

ముందు సీసాను అరచేతి మీద తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చేయండి. గీతకు సగం వరకు నీళ్లు పోసి గట్టిగా కలపండి. నురుగు దిగాక గీత దాకా నింపి మళ్లీ కలపండి. నురుగునే నీటిమట్టం అనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కనవుతుంది, గీత దాటితే పలచబడుతుంది. ఇచ్చే ప్రతిసారీ సీసా కుదపాలి. లేకపోతే మొదటి రోజుల్లో నీళ్లే ఎక్కువ పడి, చివర్లో అడుగున పేరుకున్న మందంతా ఒకేసారి వెళ్తుంది.

కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. చాలా మందులకు గడువు ఆ రోజు నుంచి 7 రోజులే, కొన్నింటికి కాస్త ఎక్కువ. పెట్టె మీద ఏముంటే అదే లెక్క. ముద్రించిన ఎక్స్‌పైరీ తేదీ పొడికి మాత్రమే. పూటకు 5 మి.లీ. చొప్పున రోజుకు మూడుసార్లు, 5 రోజులైతే 75 మి.లీ. కావాలి, అంటే 30 మి.లీ. సీసాలు మూడు. మూడూ ఒకేసారి కలిపేయకండి. ఒకటి అయిపోయాకే ఇంకోటి.

అమోక్సిసిలిన్-క్లావులానిక్ సిరప్ కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి. డీప్ ఫ్రీజర్‌లో కాదు, తలుపు అరలో కాదు, లోపలి మధ్య అరలో. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఫ్రిజ్ లేని ఇంటికి ఇది పెద్ద సమస్యే. మట్టికుండ నీళ్లను చల్లబరుస్తుంది గానీ ఈ మందుకు కావాల్సిన 2 నుంచి 8 డిగ్రీల చలి ఇవ్వలేదు. ఫ్రిజ్ లేదని డాక్టరుకు ముందే చెప్పండి, మొహమాటపడొద్దు. నీళ్లలో కరిగే మాత్ర గానీ, బయట ఉంచినా పాడవని మందు గానీ రాయడానికి వీలుంటుంది.

తాగించేటప్పుడు

ముక్కు మూసి గొంతులో పోయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, మానేయండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, సిరంజిని బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. సీసాడు పాలలో కలిపితే, బిడ్డ పాలు వదిలేసినంత మందూ పోతుంది. తాగిన 30 నిమిషాల్లోపు వాంతి చేసుకుంటే సాధారణంగా ఒకసారి మళ్లీ ఇవ్వొచ్చు, ఆ తర్వాతైతే వద్దు. పదేపదే కక్కుతుంటే డాక్టరును అడగండి. ఒక పూట మరచిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి. తర్వాతి పూట దగ్గర పడితే వదిలేయండి, రెండు పూటలది కలిపి ఇవ్వొద్దు.

జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులూ ఇవ్వాలి. టైఫాయిడ్‌లో సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు. రెండో రోజే ఇంకో ఆసుపత్రికి వెళ్లి మందు మార్పించుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మిగిలిన సిరప్ దాచొద్దు, పక్కింటి బిడ్డకు ఇవ్వొద్దు.

చీటీ లేకుండా అడగొద్దు

జలుబు, మామూలు దగ్గు, నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి. వాటిపై యాంటీబయోటిక్ పనిచేయదు. విరేచనాలకు కావాల్సింది ఓఆర్‌ఎస్, జింక్. పెట్టె మీద నిలువు ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 నుంచి అమలవుతున్న ఈ నిబంధన ప్రకారం షాపువాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు, అమ్మిన పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. కాబట్టి షాపులో చీటీ అడిగితే విసుక్కోకండి. అడక్కుండా ఇచ్చే షాపు గురించే ఆలోచించాలి.

ఎప్పుడు పరుగెత్తాలి?

మందు పడ్డాక ఒళ్లంతా దద్దుర్లు లేచినా, విరేచనంలో రక్తం కనిపించినా మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. ముఖం, పెదాలు వాచినా, పిల్లికూతల్లా ఊపిరి తీసినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

రెండు నెలల్లోపు పసికందుకు జ్వరమొస్తే ఇంట్లో ఏ సిరప్ వద్దు, నేరుగా ఆసుపత్రికే. దగ్గు ఉన్న బిడ్డ నిద్రలో ఉండగా పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాదిలోపు వాళ్లకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల వాళ్లకు 40 లేదా అంతకు మించితే న్యుమోనియా అనుమానించాలి. డొక్కలెగరేయడం, పాలు తాగలేకపోవడం, ఫిట్స్, మగతగా పడి ఉండటం ఇంకా ప్రమాదకరం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన 'సాన్స్' కార్యక్రమం ప్రకారం న్యుమోనియా లక్షణాలున్న బిడ్డకు ఆసుపత్రికి పంపేముందు అమోక్సిసిలిన్ తొలి డోసు ఆశా కార్యకర్తే ఇవ్వొచ్చు.

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఊళ్లోని పీహెచ్‌సీల్లో మందులు ఉచితం. మందు వల్ల చెడు జరిగిందనిపిస్తే 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకు మీరే చెప్పొచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా సీసాను పెట్టెతో సహా, పాత చీటీతో పాటు తీసుకెళ్లండి.