డెక్కు మీంచి చందమామ దాకా

చందమామ మీద నడిచినవాళ్ళెవర్రా అంటే మీరంతా ఆర్మ్‌స్ట్రాంగ్ పేరే చెబుతారు. ఆయనా నేవీలో విమానం నడిపినవాడే, కాదనను. కానీ నన్నడిగితే ముందు జాన్ యంగ్ పేరు చెబుతాను. ఆ పుల్లలు కాస్త లోపలికి తోసి ఇలా దగ్గరికి రండి, ఎందుకో చెబుతాను.

నేను విమానాలు మోసే ఓడ విక్రాంత్ మీద డెక్కు పనిలో ఉండేవాణ్ణి. 1971 యుద్ధంలో మా సీ హాక్ విమానాలు చిట్టగాంగ్ మీదికీ, కాక్స్ బజార్ మీదికీ వెళ్ళి బాంబులేసి వచ్చేవి. వెళ్ళేటప్పుడు కాదురా, తిరిగొచ్చి దిగేటప్పుడు చూడాలి. పైనుంచి పైలట్‌కి మన ఓడ అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. పైగా అది నిలకడగా ఉండదు, కెరటానికి లేస్తుంది, పడుతుంది. డెక్కుకి అడ్డంగా ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. విమానం తోక కింద కొక్కెం ఉంటుంది. అది ఏదో ఒక తీగని పట్టుకోవాలి. చక్రం తగలగానే పైలట్ ఇంజను తగ్గించడు, పూర్తిగా పెంచేస్తాడు. ఎందుకనుకున్నారు? కొక్కెం తప్పిందా, ఆ ఊపుతోనే మళ్ళీ గాల్లోకి లేవాలి. ఇంజను తగ్గించినవాడు నేరుగా సముద్రంలోకే. తీగ దొరికిందంటే మాత్రం అంత విమానమూ రెండు క్షణాల్లో ఆగిపోతుంది. మేం పరిగెత్తుకెళ్ళి కొక్కెం విడిపించేవాళ్ళం. పైలట్లలో గట్టివాళ్ళు దిగగానే వెళ్ళిపోయేవాళ్ళు కాదు. ఒకసారి విమానం చుట్టూ తిరిగి రెక్క కింద, తోక కింద చూసుకుని మరీ వెళ్ళేవాళ్ళు.

యంగ్ చదువుకున్న బడి అదే. అయితే నేరుగా అందులో చేరలేదు. 1930లో పుట్టాడు, ఫ్లోరిడాలో పెరిగాడు, 1952లో జార్జియా టెక్‌లో విమానాల ఇంజనీరింగు ముగించాడు. అంత చదివినవాణ్ణి అమెరికా నేవీ ఏం చేసిందనుకున్నారు? లాస్ అనే డెస్ట్రాయర్ ఎక్కించి ఫిరంగుల గురి చూసే పనిలో పెట్టింది. అది కొరియా యుద్ధం. ఆ పనీ శ్రద్ధగానే చేశాడు. ఆ తర్వాతే విమాన శిక్షణ, నాలుగేళ్ళు జెట్ ఫైటర్లు, 1959లో పాటక్సెంట్ రివర్‌లో టెస్ట్ పైలట్ల స్కూలు. 1962లో ఫాంటమ్ విమానాన్ని నేల మీంచి 3,000 మీటర్ల ఎత్తుకి 34న్నర సెకన్లలో ఎక్కించాడు. ప్రపంచ రికార్డది. ఆ ఏడే నాసా ఎంచుకున్న తొమ్మిది మందిలో ఒకడయ్యాడు.

1965లో జెమిని నౌకలో మనుషులు మొదటిసారి ఎక్కినప్పుడు గ్రిస్సమ్ పక్కన యంగే ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా జేబులో ఒక శాండ్‌విచ్ పట్టుకెళ్ళాడు. పైన బరువుండదు కదా, రొట్టె పొడి ఎగిరి మీటల్లో దూరితే ప్రమాదం. దాని మీద అమెరికా పార్లమెంటులో కూడా గొడవైంది. మరుసటేడు జెమిని 10, 1969లో అపోలో 10. ఆ ట్రిప్పులో తోటివాళ్ళిద్దరూ కింద చంద్రుడి నేలకి దగ్గరగా వెళ్తే, ఈయనొక్కడే పైన చుట్టూ తిరిగాడు.

1972 ఏప్రిల్‌లో దిగాడురా చంద్రుడి మీద. అపోలో 16. చార్లీ డ్యూక్‌తో కలిసి మూడు రోజులున్నాడు. జెండా దగ్గర నేల మీంచి ఎగిరి, గాల్లోనే సెల్యూట్ కొట్టాడు. ఆ బరువైన సూటులో కాళ్ళు కనిపించక, నేల వేడి కొలిచే యంత్రం తీగకి కాలు తగిలి అది తెగిపోయింది. ఎంత బాధపడ్డాడో! ఆయన అక్కడుండగానే కింది నుంచి కబురొచ్చింది, స్పేస్ షటిల్‌కి డబ్బు మంజూరు చేశారని. చంద్రుడి మీద నిలబడి, తను నడపబోయే బండి గురించి విన్నవాడు ఇంకొకడున్నాడా!

తొమ్మిదేళ్ళ తర్వాత, 1981 ఏప్రిల్ 12న, కొలంబియా అనే ఆ షటిల్ ఎక్కాడు. మనిషి లేకుండా ఒక్కసారైనా పంపి చూడని బండి అది. తొలి ప్రయాణమే మనుషులతో. అప్పటికాయనకి 50 ఏళ్ళు. పైకి లేస్తున్నప్పుడు పక్కనున్న క్రిపెన్ గుండె నిమిషానికి 130 సార్లు కొట్టుకుంటే, ఈయనది 90 దగ్గరే ఉందట. ధైర్యం అంటారు జనం. నేను అలవాటంటాను, ఏళ్ళ తరబడి ప్రతి మీటా చేత్తో తడిమి తెలుసుకున్న అలవాటు.

రెండు రోజుల తర్వాత కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్స్ దగ్గర ఎండిన చెరువు నేల మీద దింపాడు. షటిల్ దిగేటప్పుడు ఇంజను పనిచేయదు, గ్లైడరులా రావాలి. ఓడ మీద తీగ తప్పితే ఇంకో చుట్టు తిరిగి రావచ్చు. ఇక్కడ రెండోసారి లేదు. డెక్కు మీద ఇంజను పెంచడం నేర్చుకున్న చెయ్యి, అసలు ఇంజనే లేని బండిని గంటకి 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నేలకి తాకించింది. తలుపు తెరవగానే ఆయన చేసిన పని విన్నప్పుడు నాకు మా డెక్కే గుర్తొచ్చింది. గబగబా మెట్లు దిగి, సంతోషం పట్టలేక చేతులు ఊపుకుంటూ, బండి కిందికి దూరి టైల్స్ చూశాడు. వేడి నుంచి కాపాడే ఆ పలకల్లో పదహారు ఊడిపోయాయి.

1983లో మళ్ళీ వెళ్ళొచ్చాడు. 1986లో హబుల్ దూరదర్శినిని ఎక్కించే ట్రిప్పూ ఆయనకే ఇచ్చారు. ఆ జనవరిలోనే చాలెంజర్ షటిల్ పేలి ఏడుగురు పోయారు. వ్యోమగాములందరికీ ఆయనే పెద్ద, ఏడుగురూ ఆయన పిల్లల్లాంటివాళ్ళు. ఊరుకోలేదు. రాకెట్ సీళ్ళ సంగతీ, బ్రేకుల సంగతీ, రన్‌వే సంగతీ ఒక్కొక్కటీ పై వాళ్ళకి మెమోలు రాశాడు. అవి పత్రికలకెక్కాయి. 1987లో ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు, ఆ రాతల వల్లేనని చాలామంది అనుకున్నారు. హబుల్ ట్రిప్పూ చెయ్యి జారింది, 1990లో వేరేవాళ్ళు తీసుకెళ్ళారు.

నాకైతే ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆయన మాత్రం కుర్చీ మారినా కలం ఆపలేదు. ఫలానా చోట లోపముంది, సరిచెయ్యండి అని రాస్తూనే ఉన్నాడు, 2004 ఆఖరున 74 ఏళ్ళ వయసులో నాసా వదిలేదాకా.