ప్రింటర్ చవక, సిరా ప్రియం: మేం తప్పిన లెక్క, దాని వెనక చరిత్ర



పోస్టు కొంచెం పొడుగే. ఓపికతో చదవండి. సెకండ్‌హ్యాండ్ ప్రింటర్ కొందామనుకునేటోళ్లు తప్పకుండా చదవండి.

మేం గోదావరిఖనిలో హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. ఒక రూముల ఆరుగురం. గోండులం ఉన్నం, కోయలం ఉన్నం, నాయకపోడు తమ్ముడొకడు ఉన్నడు. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్ ఫారం, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, హాల్‌టికెట్, ప్రాజెక్టు... నెల తిరిగేసరికి కాయితాలే కాయితాలు. చౌరస్తా దగ్గర ప్రింటుకు ఐదు రూపాయలు. అందుకే తలా 250 ఏసుకొని 1,500 రూపాయలకు ఒక పాత ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నం. ఆ రోజు మా సంబురం చూడాలె!

వారం తిరగకముందే అక్షరాల నడుమ తెల్ల గీతలు మొదలైనయి. కొత్త నల్ల కార్ట్రిజ్ 900 అన్నరు. వేరే దారి లేక కొన్నం. దాంతోని 120 పేజీలు వచ్చినయి. అంటే పేజీకి ఏడున్నర. బయట ఐదు, మా సొంత మిషన్ మీద ఏడున్నర! ఇంకో కార్ట్రిజ్ ఏసి ఎండాకాలం సెలవులకు ఊర్లకు పోయినం. రామగుండం ఎండ సంగతి తెలిసిందే కదా. జూన్‌ల వచ్చి చూస్తే సిరా ఎండిపోయి హెడ్ మూసుకపోయింది. క్లీనింగ్ బటన్ నాలుగుసార్లు నొక్కితే మిగిలిన సిరా కూడా ఆడికే పోయింది. ఆ గీతల ప్రింటుతోనే మా జూనియర్ స్కాలర్‌షిప్ ఫారం ఇస్తే, బార్‌కోడ్ చదవరాలేదని తిప్పి పంపిండ్రు. ఆఖరు తారీఖు ఒక్కరోజే ఉండె. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. తెల్లారి బయట ప్రింట్ తీయించి పరుగెత్తితే పని అయింది.

మిషన్ అంత చవక, సిరా ఇంత ప్రియం ఎందుకున్నదని అప్పటిసంది లైబ్రరీల, ఫోన్ల వెతికినం. దొరికింది చెప్తున్నం.

మొదలు మన బొగ్గు కాడికే పోవాలె. పూర్వం దీపం మసిని జిగురుతో కలిపి సిరా చేసేటోళ్లు. 1856ల లండన్‌ల విలియం పెర్కిన్ అనే 18 ఏండ్ల విద్యార్థి మలేరియాకు మందు, అంటే క్వినైన్, తయారు చేద్దామని చూసిండు. బొగ్గు తారు నుంచి వచ్చిన పదార్థంతోని ప్రయోగం చేస్తుంటే మందు రాలేదు, ఊదారంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమ ఆడ మొదలైంది. మన సింగరేణి బొగ్గు తారు తీసే కోకింగ్ రకం కాదు, ఎక్కువ భాగం కరెంటుకే పోతది. అయినా మలేరియా అన్నా, బొగ్గు అన్నా మనకు కొత్త కాదు కాబట్టి ఈ ముచ్చట మాకు మస్తు నచ్చింది.

ఇంక్‌జెట్ కూడా అనుకోకుండనే దొరికింది. 1977ల జపాన్‌ల క్యానన్ కంపెనీ ల్యాబ్‌ల, వేడి సోల్డరింగ్ ఐరన్ పోయి సిరా ఉన్న సిరంజి సూదికి తగిలింది. సిరా చిమ్మింది. వేడికి బుడగ పుట్టి, అది చుక్కను బయటకు నెడుతున్నదని ఇంజనీర్లకు అర్థమైంది. అమెరికాల హెచ్‌పీ వాళ్లు కూడా దాదాపు అదే కాలంల విడిగా ఇదే పద్ధతి కనిపెట్టిండ్రు. వాళ్ల థింక్‌జెట్ 1984ల వచ్చింది. 1988ల డెస్క్‌జెట్ వచ్చినప్పుడు ధర 995 డాలర్లు.

అసలు మలుపు దాని తర్వాతనే. పదేండ్లు తిరిగేసరికి వంద డాలర్ల లోపు ప్రింటర్లు వచ్చినయి. మిషన్ మీద లాభం తగ్గించుకొని, కొన్నిసార్లు నష్టానికైనా ఇచ్చి, సిరా మీద రాబట్టుకునుడు కంపెనీలకు అలవాటైంది. చిన్న కార్ట్రిజ్‌ల పది మిల్లీలీటర్ల లోపే సిరా ఉంటది. డబ్బా మీద రాసే పేజీల లెక్క కూడా, పేజీల సుమారు ఐదు శాతమే నలుపు పడుతదని ఏసిన లెక్క. మన రికార్డు బొమ్మలకు, ఫొటోలున్న ఫారాలకు అది సరిపోదు. వేరేటోళ్ల సిరా వాడకుండ కార్ట్రిజ్‌లకు చిప్పులు కూడా పెట్టిండ్రు.

మనుషులు ఊకుంటరా? సిరంజితోని సిరా నింపే దుకాణాలు మన దగ్గర వచ్చినయి, బయటి దేశాల్ల కూడా వచ్చినయి. ప్రింటర్ పక్కన సీసాలు పెట్టి పైపులు కలిపిండ్రు. ఇండోనేషియాల ఈ పైపుల పద్ధతి బాగ పెరిగిపోయింది. అది చూసి ఎప్సన్ కంపెనీ తనే ట్యాంకు ఉన్న ప్రింటర్‌ను 2010ల మొదట ఆడనే అమ్మింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ కేసుల, ఒకసారి అమ్మినంక ఆ కార్ట్రిజ్ మీద కంపెనీకి పేటెంట్ హక్కు మిగలదని చెప్పింది. అంటే పేదోళ్ల ఊర్లల్ల సిరంజి పట్టుకున్న మెకానిక్కులు పెద్ద కంపెనీల దారి మార్చిండ్రన్నట్టు.

ఇదంతా చదివినంక మాకు తాతలు చెప్పిన సావుకారి యాదికొచ్చిండు. ఉప్పు, బట్ట, విత్తనం ముందుగాల ఉద్దెరకిస్తడు. తీసుకునేటప్పుడు మంచోడే. పంట కోతకు వచ్చినప్పుడు అసలు లెక్క తెలుస్తది. ప్రింటర్ కంపెనీ, సావుకారి ఒక్కటే అని అంటలేం. మనకు ఎవలూ భూమి గుంజుకోలేదు ఈడ. కానీ మొదటి ధర చూసి మురిసి, తర్వాత ధర అడగకపోవుడు అనే పొరపాటు మాత్రం అదే. సావుకారి చేతిల నుంచి గిరిజనులను తప్పియ్యనీకే 1956ల గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ పెట్టిండ్రు. అడవి సరుకు కొనుడు, నిత్యావసరాలు అమ్ముడు దాని పని. ఆ ఆలోచన మాకు పనికొచ్చింది.

నాలుగు రూములోళ్లం, 24 మందిమి కూసొని మాట్లాడుకున్నం. మాకు నలుపు ప్రింటే ఎక్కువ. కాబట్టి ఈసారి ఒక పాత లేజర్ ప్రింటర్ తీసుకున్నం. దాంట్ల వాడేది టోనర్ పొడి. ఎండకు ఎండిపోయేది ఏం లేదు. పొడి నింపిస్తే 300 రూపాయలు, మాకు వెయ్యి పేజీలు దాటినయి. పొడి ఖర్చు పేజీకి 30 పైసలు, కాయితం ఖర్చు వేరే. ప్రింటుకు రూపాయిన్నర తీసుకొని నోటుబుక్కుల రాస్తున్నం. మిగిలింది రిపేర్లకు.

కొనేటోళ్లకు మా మాట:

1. మిషన్ ధరకు ముందు కార్ట్రిజ్ ధర అడగండి. వచ్చే పేజీలతోని భాగించండి.
2. కొనే ముందు నాజిల్ చెక్ ప్రింట్ మీ కండ్ల ముందట తీయించండి. గీతలు తెగితే వద్దనండి.
3. రంగు తప్పదనుకుంటే ట్యాంకు రకం చూడండి. దాంట్ల వాడిన సిరా చేరే ప్యాడ్ నిండిందో లేదో కనుక్కోండి.
4. ఇంక్‌జెట్ ఇప్పటికే ఉంటే వారానికి ఒక పేజీ అయినా తీయండి. సెలవులకు పోయేటప్పుడు ఎవలికన్న అప్పజెప్పండి.

ఆఖరుకు ఇంకొక్క మాట. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలల దొరికిన గోండి లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది. ఇప్పుడు ఆ లిపికి ఫాంట్ ఉచితంగనే దొరుకుతది. గుంజాల పెద్దలు రాతప్రతులల్ల దాచిన అక్షరాలను మనం హాస్టల్ రూముల కూసొని ప్రింట్ తీయొచ్చు. పోయిన నెల మేం అక్షరాల చార్టులు 40 తీసినం. పొడి, కాయితం కలిపి వంద రూపాయలు కాలేదు. పాత ప్రింటర్ మీద అయితే సిరాకే 300 అయ్యేది, మేం ఆ పని మొదలే పెట్టకపోదుము.

దసరాకు ఊర్లకు పోయేటప్పుడు చార్టులు తీసుకపోతున్నం. మీ ఊరి బడికి కావాలంటే కింద ఊరి పేరు రాయండి. కాయితం మీరు తెచ్చుకోండి, ప్రింటు మేం తీసిస్తం.